రెండు బడుల నడుమ డల్సీ పెద్దమ్మ

మా డల్సీ పెద్దమ్మకు ప్రశ్నలంటే ఒళ్లు మంట. "టీ తాగుతావా?" అని అడిగినా ముందు ఒక నిట్టూర్పు విడుస్తుంది, ఆ తర్వాతే జవాబు. నేను ఆమెను తప్పు పట్టను. మా ఏటి ఒడ్డు ఊరు, ఈ లిల్లీ హోల్‌లో ఆమెను అడిగినన్ని ప్రశ్నలు ఇంకెవరినీ అడగలేదు. పోనీ అవి పనికొచ్చే ప్రశ్నలా అంటే, అదీ కాదు. "తాబేలును నేను తిన్నాను అంటావు కదా, తిన్నాను తాబేలును నేను అనొచ్చా? నేను తాబేలును తినబోయి మానేశాను అనొచ్చా? తాబేలు నన్ను తినబోయి మానేసింది అనొచ్చా?" ఇలా ఏళ్ల తరబడి. తాబేలు మాత్రం ఎవరూ తెచ్చి పెట్టలేదు.

ఆమె మా అమ్మకు అక్క. మా అమ్మ పోయి ఎంతో కాలం కాలేదు కాబట్టి ఆమె పేరు నేను చెప్పను. పోయినవాళ్ల పేరు ఇక్కడ కొన్నాళ్లదాకా ఎవరూ ఎత్తరు. మాలో అమ్మకు అక్కంటే అమ్మే. చిన్నప్పుడు నాకు ఆకలేస్తే ఇద్దరిలో ఎవరి పొయ్యి మండుతుంటే అక్కడికి పోయి కూర్చునేదాన్ని. ఎవరి కూతురివే అని అడిగితే చప్పున చెప్పలేకపోయేదాన్ని.

పెద్దమ్మ పుట్టింది నదికి ఎగువనున్న గొడ్ల ఎస్టేటులో. వాళ్ల నాన్న దొర గుర్రాలను మచ్చిక చేసేవాడు. కాస్త ఎదగ్గానే ఆమెను దొరసాని వంటింట్లో పెట్టారు. చొక్కాలు ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చెయ్యడం. ఇచ్చేది పిండి, టీ ఆకు, ఏడాదికో గౌను. రోలీ అని పశువులు తోలే మనిషిని చేసుకుంది. ఒక కొడుకు పుట్టి, నడక వచ్చేలోపే జ్వరంతో పోయాడు. తర్వాత కూతురు పుట్టింది. నల్లవాళ్లకూ సమానంగా జీతాలివ్వాలని చట్టం వచ్చిన ఏడు, జీతాలే ఇవ్వాలంటే మీరు అక్కర్లేదు పొమ్మని దొర అందరినీ లారీ ఎక్కించి ఈ ఏటి ఒడ్డున దింపేశాడు. రోలీ గుర్రం లేక, చెయ్యడానికి పని లేక, తాగి తాగి పోయాడు. ఇవన్నీ పెద్దమ్మ ఏడుస్తూ చెప్పదు. మొగలి ఆకు చీలుస్తూ, సరుకుల ధరలు చెప్పినట్టు చెబుతుంది.

ఈ ఒడ్డున రకరకాల జనం కలిశారు. పిల్లలం క్రియోల్‌లో, అంటే అందరికీ అందే కలగాపులగం ఇంగ్లీషులో, పెరిగాం. మా మాటను, అంటే పెద్దమ్మ వాళ్ల నాన్న మాట్లాడిన మాటను, ముసలివాళ్లు ఒక్కొక్కరే వెంట తీసుకుపోయారు. చివరికి తెల్లారింది మొదలు పడుకునేదాకా ఆ మాటలోనే బతికేవాళ్లు ఇద్దరే మిగిలారు. మా పెద్దమ్మ, మా అమ్మ. నాకు తిట్లు తెలుసు, తిండి పేర్లు తెలుసు, "ఇటు రా", "అటు పో" తెలుసు. అమ్మ ఏమన్నా అర్థమయ్యేది కానీ తిరిగి చెప్పబోతే నోరు తిరిగేది కాదు.

లారీ దింపిన కొన్నేళ్లకు మా మాట మీద పరిశోధన చెయ్యడానికి వార్విక్ అనే తెల్లవాడు వచ్చాడు. అప్పటికి పొడుగు జుట్టు, బక్కచిక్కిన ఒళ్లు, సిడ్నీలో ఇంకా చదువుకుంటున్న కుర్రాడు. వచ్చిన మనిషికి ఏదో ఒక వరస కలపకపోతే ఇక్కడ పూట గడవదు. ఎవరితో మాట్లాడాలో, ఎవరి పొయ్యి దగ్గర కూర్చోవాలో, ఎవరికి వేటలో వాటా ఇవ్వాలో ఆ వరసే చెబుతుంది. పెద్దమ్మ అతన్ని పైనుంచి కిందకు చూసి, తన కొడుకు బతికుంటే ఇంతే ఉండేవాడంది. అంతే, వార్విక్ మాకు అన్న అయ్యాడు. నాకూ అన్నే కాబట్టి ఆనాటి నుంచి నేను అతనితో ముఖాముఖి మాట్లాడలేదు. మాలో ఎదిగిన అన్నాచెల్లెళ్లు ఎదురెదురుగా కూర్చోరు, పేరు పెట్టి పిలుచుకోరు, ఏదైనా ఇచ్చుకోవాలంటే మూడో మనిషి చేత ఇప్పిస్తారు. అది కోపం కాదు, గౌరవం. నేను అతనికి చెప్పాల్సినవి కుక్కకు చెప్పినట్టు అటు తిరిగి చెబుతాను, అతను చెట్టుకు చెప్పినట్టు జవాబిస్తాడు. బాగానే సాగింది.

ఎండాకాలం వస్తే చాలు వార్విక్ దిగేవాడు. పొద్దున్నే పెద్దమ్మ ముందు చాప వేసుకుని కూర్చుని, ఇలా అనొచ్చా, అలా అనొచ్చా అని మొదలెట్టేవాడు. వాళ్ల బడి, అంటే అతని గురువుల వర్గం, నమ్మేది ఏమిటంటే, భాష మనిషి తలలో పుట్టుకతోనే ఉంటుందట, కాళ్లూ చేతులూ ఉన్నట్టే. ఏది కుదురుతుందో ఏది కుదరదో ఆ తలకు తెలుసు. కాబట్టి ఒక్క మనిషిని నిమ్మళంగా కూర్చోబెట్టి అడిగితే చాలు. నలుగురు చేరి మాట్లాడుకునేది వాళ్లకు అక్కర్లేదు. జనం తడబడతారు, దగ్గుతారు, సగంలో వదిలేసి టీ పెట్టడానికి లేస్తారు. పెద్దమ్మ "అనొచ్చు", "అనకూడదు" అంటూ ఉండేది. ఇది వాళ్ల దొరసానికి ఇస్త్రీ చేసిన చొక్కాలు చూపించినట్టే ఉందనేది. కానీ కొడుకు కదా, కాదనలేదు. సాయంత్రానికి తల వాచిపోయి, కళ్లు మూసుకుని గోడకు ఆనుకునేది.

అప్పుడు మా అమ్మ వచ్చేది.

నేను చెప్పదలుచుకున్నది అసలు ఈ సాయంత్రాల సంగతే. ఇద్దరూ పెద్దమ్మ ఇంటి ముందు మామిడి కింద కాళ్లు చాపుకుని, మధ్యలో టీ కెటిల్ పెట్టుకుని, మొగలి ఆకుతో బుట్టలు అల్లుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. దొరసాని నడక, చచ్చిపోయిన మొగుళ్లు, పక్కింటి కోడలు, ఏట్లో నీటిమట్టం, ఎవరి కుక్క ఎవరి మాంసం ఎత్తుకుపోయింది. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు ముగించేవాళ్లు. ఉన్నట్టుండి ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు, ఎందుకో మాకు తెలిసేది కాదు. పక్కింటి రేడియోలాగా అది రోజూ చెవిన పడుతూ ఉండేది, ఎవరమూ చెవిపెట్టి వినలేదు. పొద్దంతా ముడుచుకుపోయిన పెద్దమ్మ ముఖం ఆ సాయంత్రం విచ్చుకునేది. ఆమెకు జీవితంలో మిగిలింది ఆ కాసేపే. అంతకు మించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

వార్విక్ జుట్టు నెరిసి, ప్రొఫెసర్ అయ్యాక, ఒక ఏడు రాలేదు. ఆ ఏడే మెల్‌బోర్న్ నుంచి రోవెనా అని ఇంకో పరిశోధకురాలు మా మాట కోసమే వచ్చింది. మా అమ్మ చిన్న విమానం దగ్గరకు ఎవరికోసమో పోయి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది. సాయంత్రానికల్లా ఈమె నా కూతురు అని ఊరంతా చెప్పింది. సంగతి తెలిసి పెద్దమ్మ విసురుగా వచ్చింది.

"ఊళ్లో ఇంకో వరసే దొరకలేదుటే నీకు? మనవరాలని అంటే నీ నోరు పోయేదా? ఈ పిల్ల నీ కూతురైతే నా కొడుక్కి చెల్లెలవుతుంది. ఇద్దరూ ఒకే పని మీద వచ్చేవాళ్లు. రేపు ఎలా కూర్చుంటారు?"

"నీకు కొడుకున్నాడు. నాకు కూతురొద్దా?" అంది అమ్మ.

నేను క్లినిక్కులో నా పని ముగించుకుని వచ్చి పక్కనే నిలబడి ఉన్నాను. కూతురిని నేనున్నాను కదా అన్నాను.

"నువ్వు క్లినిక్కు కూతురివి. నేనేదైనా చెబితే క్రియోల్‌లో జవాబు చెబుతావు. ఈ పిల్ల నా మాట వినడానికే ఇంత దూరం వచ్చింది," అంది అమ్మ. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అయినా అందులో అబద్ధం లేదు.

నిజానికి అమ్మ ఆ పిల్ల ఒక్క ఎండాకాలం ఉండి పోతుందనుకుంది. నర్సులు, టీచర్లు, పాస్టర్లు, అందరూ అలాగే వచ్చి పోతారు. వరస కలిపినందుకు నష్టమేమీ రాదు. కానీ రోవెనా మళ్లీ వచ్చింది, మళ్లీ మళ్లీ వచ్చింది. కలిపిన వరసను విప్పడం మాకు చేతకాదు.

రోవెనాది వేరే బడి. తలలో ఏముందో ఎవరు చూశారు, నోట్లోంచి వచ్చిందే భాష అంటుంది. జనం అనగా అనగా, ఏట్లో రాయి అరిగినట్టు అరిగి అది ఒక రూపానికి వస్తుందట. ఎవరూ ఎన్నడూ అనని వాక్యాన్ని తెచ్చి అనొచ్చా అని అడగడం వెర్రితనమట. ఆమె అడిగేది కాదు, రికార్డరు పెట్టి వినేది. కథ చెప్పు అమ్మా, చేపలు పట్టిన సంగతి చెప్పు అమ్మా అనేది. తర్వాత ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకునేది. వార్విక్ బడికి ఒక పెద్ద గురువు, రోవెనా బడికి ఇంకో పెద్ద గురువు ఉన్నారని, ఆ గురువుల శిష్యులు ఒకరి పెళ్లికి ఇంకొకరు వెళ్లరని విన్నాను. మాకూ వంశాలున్నాయి, కానీ ఇంత పట్టింపు లేదు.

ఇందులో ఎవరిది సరైన మాట అని పెద్దమ్మను ఓసారి అడిగాను. ఆమె నిట్టూర్చి, "ఇద్దరూ టీలో చక్కెర మరీ ఎక్కువేసుకుంటారు," అంది.

ఇద్దరూ ఒకే కాలంలో రావడం మొదలయ్యాక పొద్దున వార్విక్‌కు, మధ్యాహ్నం రోవెనాకు వంతులు వేశాం. వార్విక్ పడమటి వైపు, రోవెనా ఏటి వైపు. కొట్టు దగ్గర ఎదురైతే ఒకరు పిండి బస్తాల వెనక్కి తప్పుకోవాలి. మిగతా ఊళ్లో అన్నాచెల్లెళ్లు తప్పుకుంటే మేము గమనించం కూడా. వీళ్లు తప్పుకుంటే మాత్రం పిల్లలు నవ్వేవాళ్లు, ఎందుకంటే వీళ్ల ముఖాల్లో సంతోషం కనిపించేది. ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేదని మా ఆచారమే చెబుతుంటే ఇంకేం కావాలి? ఇద్దరూ మా ఆచారాన్ని తమ పుస్తకాల్లో ఎంతో బాగా రాశారట కూడా.

ఒక్కసారి రోవెనా సాయంత్రం పూట మామిడి కిందకు వచ్చి, మీ ఇద్దరి మాటలూ కలిపి రికార్డు చేస్తానంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఈ పిల్ల పెట్టెలో నేను మాట్లాడితే నా కొడుకు పని దొంగిలించి ఇచ్చినట్టవుతుందంది. వార్విక్ అయితే అటువైపే రాలేదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అతనికి పనికిరాదు. అలా ఇద్దరూ వదిలేసిన ఆ సాయంత్రాలు అక్కచెల్లెళ్లకే మిగిలాయి. నేను అందుకు సంతోషించాను.

తర్వాత సర్కారు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మా బడిలో పిల్లలకు రోజూ పొద్దున ఒక గంట మా మాట నేర్పడానికి ఒప్పుకుంటామని, అయితే పుస్తకాలు ఒకే రకంగా ఉండాలని, ఎలాంటివి కావాలో ఇద్దరు పండితులూ తేల్చాలని అన్నాడు. ఊరంతా వచ్చింది. వార్విక్‌ను బడి అరుగు మీద కూర్చోబెట్టి, రోవెనాను నీళ్ల ట్యాంకు వెనక కూర్చోబెట్టి, మధ్యలో నన్ను నిలబెట్టారు. ఆయన మాట ఈమెకు, ఈమె మాట ఆయనకు నేను మోయాలి. ఆఫీసాయన మాత్రం ట్యాంకుకేసి, అరుగుకేసి తల తిప్పలేక మెడ పట్టుకున్నాడు.

కాసేపు బాగానే జరిగింది. వార్విక్ పిల్లలకు వ్యాకరణం నేర్పే పుస్తకాలు కావాలన్నాడు. రోవెనా పిల్లలకు జనం మాట్లాడే మాటలు కావాలంది. రెండూ ఉండొచ్చుగా అని నేను మధ్యలో నా మాట ఒకటి కలిపాను, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి రోవెనా ట్యాంకు వెనక నుంచి, "ఎవరూ అనని వాక్యాలు పిల్లల నోట్లో పెట్టి ఏం ప్రయోజనం?" అంది. దాన్ని నేను కాస్త మెత్తగా చేసి చెబుదామనుకున్నాను. కానీ వార్విక్ నేరుగా విన్నాడు. లేచి ట్యాంకుకేసి తిరిగాడు.

"రోవెనా, నువ్వు చేసేది భాషాశాస్త్రం కాదు. ముసలమ్మల కబుర్లు పోగేసి లెక్కపెట్టడం. అందులో ఏముంది?"

రోవెనా ట్యాంకు వెనక నుంచి బయటకొచ్చింది. అతని ముఖంలోకి సూటిగా చూసింది.

"వార్విక్, నీది శాస్త్రమా? ఆ ముసలామెను ఇరవై ఏళ్లుగా పాడు ప్రశ్నలతో చంపుతున్నావు. నీ తలలో ఉన్న భాషనే ఆమె నోటితో ఒప్పిస్తున్నావు."

మగవాళ్లు నేల చూశారు. ఒకరి తర్వాత ఒకరు లేచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. అన్న నలుగురిలో చెల్లెలి పేరెత్తి తిట్టాడు, చెల్లెలు అన్న ముఖం మీదే తిరగబడింది. మాలో ఇలాంటిది జరిగితే సిగ్గు వాళ్లది కాదు, వాళ్లను కన్న అమ్మలది. పెద్దమ్మ తువ్వాలు తల మీద కప్పుకుని కూర్చుండిపోయింది. అమ్మ బడి వెనక దారిన వెళ్లిపోయింది. ఆఫీసాయన ఇద్దరు పండితులకూ ఇంకా సంప్రదింపులు అవసరమని రాసుకుని తిరిగి డార్విన్ పట్నం వెళ్లాడు. ఆ గంట మా బడికి రానేలేదు.

ఇలాంటి సిగ్గును కడగడానికి దారి ఉంది. అన్న దుప్పట్లు, పిండి, టీ, పొగాకు మూడో మనిషి చేత చెల్లెలికి పంపాలి. చెల్లెలు అందుకోవాలి. ఆమె అందుకునేదాకా ఆ ఇద్దరి అమ్మలూ ఒక పొయ్యి దగ్గర కూర్చోకూడదు. పెద్దమ్మ ఆ రోజే మూట కట్టుకుని, విమానం దిగే మట్టిదారికి అవతల ఉన్న తన మనవడి ఇంటికి పోయింది. మామిడి కింద కెటిల్ బోర్లించి ఉంది.

వార్విక్‌ను నేను తప్పు పట్టినా, ఒక మాట ఒప్పుకోవాలి. తెల్లారేసరికి దుప్పట్లు, బస్తాలు నా క్లినిక్కు గుమ్మంలో పెట్టాడు. కానీ రోవెనా అప్పటికే విమానమెక్కింది. మెల్‌బోర్న్‌కు ఫోన్ చేసి వచ్చి తీసుకోమన్నాను. ఆమె పుస్తకం గురించి వార్విక్ భాషాపండితుల పత్రికలో ఏదో రాశాడట. అది చెత్త అన్నాడట. ముందు దాన్ని అచ్చులో వెనక్కి తీసుకోమను, అప్పుడు దుప్పట్లు తీసుకుంటానంది. నేను అటు తిరిగి, కుక్కతో చెప్పినట్టు, ఆ మాట వార్విక్‌కు చెప్పాను. అతను చెట్టుతో అన్నాడు, చెల్లెల్ని నలుగురిలో అన్నందుకు ఎన్ని దుప్పట్లయినా ఇస్తాను, కానీ అన్నది మాత్రం నిజం, నిజాన్ని ఎలా వెనక్కి తీసుకోను?

ఇద్దరికీ వాళ్ల వాళ్ల గురువుల మీద ఉన్న భక్తిలో పిసరంత ఈ ఇద్దరు ముసలమ్మల మీద ఉండుంటే బాగుండేది. దుప్పట్లు అలమారలో ఉండిపోయాయి. ఎలుకలు కొట్టిన వాటిని నేను మళ్లీ మళ్లీ ఎండబెట్టాను.

ఏళ్లు గడిచాయి. వార్విక్ మట్టిదారి అవతలకు వచ్చేవాడు, రోవెనా ఏటి వైపుకు. పెద్దమ్మ తన పని చేసింది, అమ్మ తన పని చేసింది. సాయంత్రమైతే పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఇవతలి పొగ చూసేది. అమ్మ ఇటు నుంచి అవతలి పొగ చూసేది. కబుర్లు మోసేది నేను. పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టి, మూతి తిప్పుతూ, చేతులు ఊపుతూ, మధ్యలో తనే నవ్వుకుంటూ ఏదో పెద్ద సంగతి చెప్పేది. నాకు అందులో సగం అందేది. మట్టిదారి దాటేసరికి సగంలో సగం మిగిలేది.

"నీ మోకాలు ఎలా ఉందని అడిగింది," అనేదాన్ని అమ్మతో.

"అంతేనా? అక్కడ కూర్చుని అంతసేపు విన్నది ఇంతేనా?"

"ఇంకా ఏదో దొరసాని గురించి..."

"దొరసాని గురించి ఏమంది?"

నేను చెప్పలేకపోయేదాన్ని. అమ్మ ముఖం తిప్పుకునేది. ఇక చూడలేక, ఆచారాన్ని పక్కన పెట్టండి, ఎవరో తెల్లవాళ్ల తగువుకు మీరెందుకు ఇలా ఎండిపోవడం అని పెద్దమ్మతో ఒకరోజు గట్టిగానే అన్నాను. ఆమె కోప్పడలేదు. అలసిపోయిన గొంతుతో, "కొడుకన్నాక తెల్లవాడేమిటే? నేనే కన్నానన్నాను కదా. ఇప్పుడు ఇబ్బందైందని కొడుకు కాదనమంటావా?" అంది.

అమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. ఇక్కడ ఇంటికొకరికి ఆ జబ్బే. వారానికి మూడుసార్లు రక్తం కడగాలి కాబట్టి కాథరిన్ టౌనుకు మార్చాం. అక్కడ రోగుల హాస్టల్లో ఒక గదిలో, ఎవరి భాషో తెలియని ముసలివాళ్ల మధ్య అమ్మ టీవీ చూస్తూ కూర్చునేది. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేదాన్ని. ప్రతిసారీ నోరు తెరిచి ఏదో చెప్పబోయి, ఎదురుగా ఉన్నది నేనని చూసి, క్రియోల్‌లోకి మారేది. ఒకసారి మాత్రం మా మాటలోనే అంది, "నా నోరు తుప్పు పడుతోంది. అక్కను తీసుకురా." పెద్దమ్మకు చెప్పాను. ఆమె లేచి, గౌను మార్చుకుని, సంచీ సర్దుకుంది. తర్వాత సంచీ పక్కన పెట్టి మళ్లీ కూర్చుంది.

ఆ రోజు క్లినిక్కు నుంచి రోవెనాకు ఫోన్ చేశాను. ఎక్కడో జర్మనీలో సభలో ఉంది. నీ పుస్తకం సంగతి నాకొద్దన్నాను. అమ్మ పోతోంది, నువ్వు ఆ దుప్పట్లు తీసుకుంటే తప్ప పెద్దమ్మ ఆమె పక్కన కూర్చోలేదన్నాను. "ఇన్నాళ్లూ వాళ్లు కలిసి కూర్చోలేదా?" అంది రోవెనా. నేను అన్న మాటలు ఇక్కడ రాయను. ఆమె ఏడుస్తూ, దొరికిన మొదటి విమానం ఎక్కుతానంది. ఎక్కింది కూడా. వార్విక్ పెద్దమ్మను కారెక్కించుకుని కాథరిన్ దారిన ముందుగానే బయల్దేరాడు, రోవెనా దిగగానే ఇచ్చేయడానికి దుప్పట్లు వెనక సీట్లో పెట్టుకుని. వాళ్లు ఇంకా దారిలో ఉండగానే, రోవెనా ఇంకా ఆకాశంలో ఉండగానే, అమ్మ పోయింది.

దుప్పట్లు అంత్యక్రియల నాడు చేతులు మారాయి. వార్విక్ అటు తిరిగి నిలబడ్డాడు, రోవెనా ఇటు తిరిగి నిలబడింది. అతను నేల మీద పెట్టినవాటిని మధ్యలో నేను మోశాను. ఆమె తీసుకుని గుండెకు హత్తుకుంది. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఇక పెద్దమ్మ మా పొయ్యి దగ్గరకు రావచ్చు. వచ్చింది, అమ్మ కూర్చునే చోట కూర్చుంది. చావింటి ఆచారం ప్రకారం ఇంటికి ఆకుపొగ పట్టాం, అమ్మ బట్టలు తగలబెట్టాం. అమ్మ గొంతున్న రికార్డులన్నీ రోవెనా పెట్టెలో పెట్టి తాళం వేసింది. పోయినవాళ్ల గొంతు మేం చెప్పేదాకా ఎవరూ వినకూడదు. అవి వినే రోజు వచ్చాక మొదట నీకే వినిపిస్తాను పెద్దమ్మా అంది రోవెనా.

"అందులో నేనున్నానా?" అని అడిగింది పెద్దమ్మ.

రోవెనా తల అడ్డంగా ఊపింది. కథలున్నాయి, చేపలు పట్టిన సంగతులున్నాయి. అన్నీ అమ్మ ఒక్కతే రికార్డరుతో చెప్పిన మాటలు.

వానలు వెనకబట్టాక వార్విక్ మళ్లీ వచ్చాడు. ఇప్పుడు అతనూ ముసలివాడే, నడుం పట్టుకుని దిగుతాడు. పెద్దమ్మ మా ఇంటి ముందు కూర్చుని ఉంది. నేను ఆమె బీపీ చూస్తున్నాను. అతను ఎప్పటిలాగే చాప వేసుకున్నాడు. పని కోసం కాదని నాకు తెలుసు. ఆమె నోటివెంట మా మాట రావాలని అతని ఆశ. అందుకు అడగడం తప్ప అతనికి ఇంకో దారి తెలియదు.

అతను మా మాటలో ఒక వాక్యం చెప్పాడు. "ఇలా అనొచ్చా అమ్మా?"

"అనొచ్చు," అంది పెద్దమ్మ.

దాన్ని అటూ ఇటూ మార్చాడు. "ఇలా?"

"అనొచ్చు."

మూడోది నాకే తప్పుగా తోచింది. చిన్నప్పుడు నేను అలా అంటే అమ్మ నెత్తి మీద మొట్టేది.

"ఇదీ అనొచ్చా?"

"అనొచ్చు నాయనా."

వార్విక్ పెన్ను ఆగింది. "ఇది కుదరదని మొదటి ఏడాదే చెప్పావు కదమ్మా."

పెద్దమ్మ అతనికేసి చూడలేదు. మొగలి ఆకును గోటితో చీలుస్తూ అంది, "అప్పుడు మీ పిన్ని ఉండేది. ఇప్పుడు నీ ఇష్టం, ఎలాగైనా అను."